గుంటల మేస్త్రి, ఆకుపచ్చ తీగ

మా మామయ్య ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని పలకరించడు. ఫ్రిజ్జో, నీళ్ళ మోటారో, ఇనుప గ్రిల్లో, ఏది ఎదురైతే దాన్ని చేతి వెనక వైపుతో ఒకసారి తాకి, ఆ తర్వాతే "అందరూ కులాసానా?" అంటాడు. అరచేత్తో తాకకూడదట. కరెంటు తగిలిందంటే వేళ్ళు ముడుచుకుపోయి ఆ వస్తువునే గట్టిగా పట్టుకుంటాయి. వెనక వైపుతో తాకితే చెయ్యి దానంతటదే ఇవతలికి వచ్చేస్తుంది. పెళ్ళైన కొత్తలో మా ఆయన ఇది చూసి, "మీ మామయ్యకి మనకంటే మన ఫ్రిజ్జు మీదే బెంగ ఎక్కువలా ఉందే" అన్నాడు. ఉన్న మాటే కాబట్టి నేను కాదనలేదు.

ఊళ్ళో ఆయన్ని గుంటల మేస్త్రి అంటారు. లైట్లూ ఫ్యాన్లూ బిగించేవాళ్ళు వీధికి ఇద్దరున్నారు గానీ, ఎర్త్ గుంట తవ్వించాలంటే మాత్రం ఆయనే రావాలి. ఎనిమిది అడుగుల గుంటలో చిల్లులున్న ఇనుప గొట్టం నిలబెట్టి, చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు పోయించి, నీళ్ళు పట్టించి, ఆ గొట్టానికి బిగించిన రాగి పట్టీని ఇంట్లోకి లాగుతాడు. తర్వాత రెండు ఇనుప ఊచల్ని దూరదూరంగా నేలలో దిగ్గొట్టి, టెస్టర్ పెట్టె మీద ముల్లు ఎక్కడ ఆగుతుందో చూస్తాడు. ఆయన అనుకున్న అంకె కిందికి ముల్లు దిగకపోతే, ఇంటివాళ్ళు భోజనానికి పిలిచినా కదలడు. చివరికి పైన సిమెంటు మూత పడుతుంది. అంత కష్టమూ మట్టి కిందే ఉండిపోతుంది.

ఆయన కోపమంతా అక్కడే. "ఫ్యాను ఆగితే పది నిమిషాల్లో ఫోన్ చేస్తారు. ఎర్త్ లేకపోతే పదేళ్ళైనా ఎవడికీ పట్టదు" అంటాడు. మిక్సీలోనో మోటారులోనో తీగ ఊడి పైరేకుకి తగిలిన రోజున, ఆ కరెంటు ఎర్త్ తీగ గుండా ఒక్కసారిగా పారి ఫ్యూజు ఎగిరిపోవాలి. తీగ లేకపోతే, తాకినవాడి ఒళ్ళే దారి. ఏళ్ళ తరబడి ఊరికే కూర్చుని ఒక్కరోజు ప్రాణం నిలబెట్టే తీగ అది అని ఆయన పాఠం. వేసవిలో ఎవరైనా గుంటకి నీళ్ళు పోయడం మానేస్తే, "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారా?" అని వీధిలో నిలబడి దులిపేస్తాడు. నేను ఈ తిట్లు వింటూనే పెరిగాను.

ఊరంతటినీ తిట్టే ఆయన్ని తిట్టేది మా అమ్మ ఒక్కతే. ఆయనకంటే ఐదేళ్ళు పెద్దది. బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఇంటి వెనక గదిలో కుట్టు మిషను, ఇస్త్రీ బల్ల, గోడ వారగా ఒక మంచం. పని ఒత్తిడి రోజుల్లో అక్కడే పడుకోవడం అలవాటై, నాన్న పోయాక ఆ గదినే తన గది చేసుకుంది. అమ్మకి రక్తపోటు ఉంది. ఏడేళ్ళుగా రోజూ పొద్దున ఒక మాత్ర. రెండేళ్ళుగా నిద్ర కూడా సరిగ్గా లేదు. నేను రెండు వీధుల అవతల మందుల షాపు నడుపుతాను. నిద్రమాత్ర ఇవ్వమని ఎన్నిసార్లు బతిమాలినా ఇవ్వలేదు. డాక్టరు కూడా వద్దన్నాడు. దాంతో కన్నకూతురే పగదైపోయిందని నా మీద కొన్నాళ్ళు సణిగింది.

అలాంటి రోజుల్లో, జాకెట్లు కుట్టించుకునే ఒక టీచరమ్మ ఎర్తింగ్ దుప్పటి సంగతి చెప్పింది. వారం తిరక్కుండా అమ్మ తెప్పించుకుంది. బూడిదరంగు గుడ్డ, అందులో అక్కడక్కడా మెరిసే వెండి దారాలు. దుప్పటి అంచు నుంచి ఒక తీగ వెళ్ళి చిన్న డబ్బాలో కలుస్తుంది. ఆ డబ్బాకున్న ఒకే ఒక్క పిన్నును గోడ సాకెట్లో పైనుండే పెద్ద చిల్లులో, అంటే ఎర్త్ చిల్లులో, గుచ్చాలి. దాంతోపాటు ఒక బుల్లి మీటరు, ఒక కరపత్రం. మనిషి చెప్పులు తొడిగి భూమికి దూరమయ్యాడనీ, ఈ దుప్పటి మీద పడుకుంటే భూమిలోని ఎలక్ట్రాన్లు ఒంట్లోకి ఎక్కి లోపలి మంటల్ని చల్లారుస్తాయనీ, రక్తం పలచబడి రక్తపోటు దిగుతుందనీ, నిద్ర ముంచుకొస్తుందనీ అందులో రాసి ఉంది. రాత్రి పదింటికల్లా పడుకోవాలని, ఫోను గది బయటే పెట్టాలని, సాయంత్రం నాలుగు దాటాక టీ తాగకూడదని అడుగున కొన్ని నియమాలు కూడా ఉన్నాయి.

ఆ ఆదివారం మామయ్య వచ్చాడు. ఫ్రిజ్జును తాకాడు. అమ్మ ఆయన్ని నేరుగా వెనక గదిలోకి తీసుకెళ్ళింది.

"ఒరే, జన్మంతా ఊళ్ళోవాళ్ళ మోటార్లకి ఎర్త్ ఇచ్చావు. సొంత అక్కకి ఇవ్వాలని ఒక్కరోజైనా తోచిందా?"

"నీకెందుకక్కా ఎర్త్? నువ్వేమన్నా గీజరువా?"

"నవ్వు. ముందు ఇది చూసి తర్వాత నవ్వు." మీటరు తీగ ఒకటి డబ్బాలో గుచ్చి, రెండోది వేళ్ళ మధ్య పట్టుకుంది. మీటరు రెండు వోల్టుల చిల్లర చూపించింది. రెండో చెయ్యి దుప్పటి మీద ఆనించగానే అంకె సున్నాకి పడిపోయింది. పందెం గెలిచినట్టు తమ్ముడి వైపు చూసింది.

మామయ్య మంచం అంచున కూర్చున్నాడు. "అంకె అబద్ధమని నేనను. గోడల్లో తీగలున్నాయి, వాటిలో కరెంటుంది. ముట్టుకోకపోయినా ఆ ప్రభావం మన ఒంటిమీద కాస్త పడుతుంది. ఎర్త్‌కి కలిపితే పోతుంది. కానీ ఆ రెండు వోల్టుల వెనక బలమేం లేదక్కా. అది ఉన్నా నీకు తెలీదు, పోయినా తెలీదు."

"మరి ఎలక్ట్రాన్లు ఎక్కుతాయంటున్నారుగా?"

"ఎక్కుతాయి. రెండు బిందెల్ని గొట్టంతో కలిపితే నీళ్ళు మట్టం సమానమయ్యేదాకా పారి ఆగిపోవూ? ఇదీ అంతే, రెప్పపాటులో సర్దుకుంటుంది. తెల్లవార్లూ నీలోకి పారుతూ కూర్చోదు. కంప్యూటర్లు బాగుచేసేవాళ్ళు మణికట్టుకి ఎర్త్ పట్టీ కట్టుకుంటారు చూడు, అది వాళ్ళ ఆరోగ్యానికి కాదు, లోపలి చిప్పు పాడవకుండా. మేమైతే కరెంటు పని చేసేటప్పుడు రబ్బరు చాప మీద నిలబడతాం, ఒంటికి ఎర్త్ తగలకూడదని. ఇన్నేళ్ళు బతికున్నానంటే ఆ చాప చలవే."

"నీకన్నీ తెలుసులే. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు."

ఆయన నవ్వాడు. దుప్పటి తీగను తన మీటరుతో కొలిచి చూశాడు. అందులో లక్ష ఓముల రెసిస్టర్ ఉంది. ఎక్కడైనా పొరపాటు జరిగినా ఎక్కువ కరెంటు మనిషి దాకా రాకుండా అది అడ్డుకుంటుందట. సాకెట్ కూడా చూడమంది అమ్మ. "నేను పెట్టిందే కదక్కా, దానికి పరీక్షేంటి?" అని లేచాడు. "హాని లేదు. పడుకో" అని చెప్పి వెళ్ళాడు.

అమ్మ పడుకుంది. అదీ ఎలా, పదింటికి వాలితే తెల్లారి ఆరింటికి లేచేటట్టు! నాకు సంతోషమే అనిపించింది. అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. కొలతలకి వచ్చిన ప్రతివాళ్ళకీ దుప్పటి కథ చెప్పి, "మా తమ్ముడే చూసి బాగుందన్నాడు. గుంటల మేస్త్రి మాటంటే మాటే" అని ముద్ర కూడా వేసేది. నేను ఊరుకోలేక ఫోనులో దొరికినంత వెతికి చదివాను. ఈ దుప్పట్ల మీద పరీక్షలు జరగకపోలేదు. అవి చాలావరకు చిన్న చిన్న గుంపుల మీద చేసినవి. వాటిలో కొన్నిటిలోనైతే ఎవరి దుప్పటి నిజంగా ఎర్త్‌కి కలిపారో పడుకున్నవాళ్ళకి తెలియకుండా జాగ్రత్తపడ్డారో లేదో కూడా స్పష్టంగా లేదు. మా మందుల్లో అయితే సగం మందికి మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చి చూడందే ఎవరూ ఒప్పుకోరు. ఎందుకంటే ఉత్తుత్తి మాత్ర మింగి కూడా తేలిగ్గా ఉందనేవాళ్ళు బోలెడుమంది ఉంటారు. ఇదంతా అమ్మకి చెబుదామనుకుని, హాయిగా నిద్రపోతున్న మనిషిని లేపడమెందుకని మానేశాను.

మాత్రల సంగతి బయటపడింది నా షాపులోనే. పదిహేను రోజులకొకసారి అమ్మ ఒక స్ట్రిప్ పట్టుకెళ్తుంది. ఆ నెల రాలేదు. ఫోన్ చేస్తే ఇంకా ఉన్నాయంది. నాకు లెక్క కుదరక మధ్యాహ్నం షాపు మూసి అమ్మ ఇంటికెళ్ళి మందుల డబ్బా తెరిచాను. స్ట్రిప్‌లో ఒక్క మాత్ర వాడి ఉంది, పద్నాలుగు అలాగే ఉన్నాయి. రక్తపోటు చూస్తే పైది నూట డెబ్బై రెండు, కిందిది నూట నాలుగు.

"నువ్వు కంగారు పెట్టావు, అందుకే పెరిగింది" అంది అమ్మ.

"ఎప్పుడు మానేశావమ్మా?"

"తమ్ముడు చూసి వెళ్ళాడే, ఆ మర్నాడే. వాడు సరేనన్నాక ఇంకేంటి? నిద్ర పడుతోంది, తలనొప్పి లేదు. ఏడేళ్ళు మింగాను, చాలు."

నాకు భయం వేసింది. షాపులో కూర్చున్నదాన్ని, నేను రోజూ చూస్తాను. బాగానే ఉంది కదా అని మాత్రలు ఆపేసి, నెల తిరిగేసరికి మూతి వంకరపోయి, కొడుకు భుజం పట్టుకుని వచ్చేవాళ్ళని చూశాను. డాక్టరుకి ఫోన్ చేశాను. వెంటనే మాత్ర మళ్ళీ మొదలుపెట్టి, రేపు పొద్దున్నే తీసుకురమ్మన్నాడు. అమ్మ ససేమిరా అంది. నేను అరిచాను, తను నాకంటే గట్టిగా అరిచింది. దాంతో రక్తపోటు ఇంకా పెరుగుతుందని నేనే నోరు మూసుకున్నాను. వాకిట్లోకొచ్చి మామయ్యకి ఫోన్ కలిపాను.

"నేను బాగుందన్లేదమ్మడూ. హాని లేదన్నాను."

"అమ్మకి రెండూ ఒకటే మామయ్యా."

అరగంటలో పనిముట్ల సంచీతో దిగాడు. ఫ్రిజ్జు వైపు కూడా చూడలేదు. వాదించి లాభం లేదు, పరీక్ష పెడదామన్నాను. అమ్మ ఒప్పుకుంటే రెండు వారాలు, కొన్ని రాత్రులు తీగ కలిపి, కొన్ని రాత్రులు కలపకుండా ఉంచుదాం. ఏది ఏ రాత్రో అమ్మకి తెలియకూడదు. నిద్రా, రక్తపోటూ రాసుకుందాం. మాత్ర మాత్రం రోజూ వేసుకోవాలి. మామయ్యకి ఇది నచ్చింది. "పరీక్షంటే సక్రమంగా చేద్దాం. ముందు సాకెట్లో ఎర్త్ ఎంత బాగుందో చూసి మొదలెడదాం" అన్నాడు.

అమ్మ ముందుగదిలో ఎవరి పిల్లకో కొలతలు తీస్తోంది. వెనక గదిలో మామయ్య టెస్టు దీపం తీశాడు. హోల్డరులో మామూలు బల్బు, దానికి రెండు తీగలు, అంతే. ఒకటి ఫేజులో, ఒకటి న్యూట్రల్లో పెట్టగానే భగ్గున వెలిగింది. రెండోదాన్ని తీసి ఎర్త్ చిల్లులో పెట్టాడు. ఎర్త్ ఉంటే అక్కడా అలాగే వెలగాలి. బల్బు వెలగలేదు. తీసి మళ్ళీ పెట్టాడు. మెయిను ఆపి, నన్ను టార్చి పట్టుకోమని, సాకెట్ మరలు విప్పి ముందుకి లాగాడు. ఎర్ర తీగ ఉంది, నల్ల తీగ ఉంది. ఆకుపచ్చ తీగ ఉండాల్సిన చోట మర ఒక్కటే ఉంది. ఆ మరకి ఏదీ ఎప్పుడూ బిగించిన గుర్తు కూడా లేదు, ఇత్తడి ఇంకా కొత్తగా మెరుస్తోంది.

మామయ్య ఆ మరని వేలితో తడిమి నేలమీద కూర్చున్నాడు. "ఇరవై రెండేళ్ళు" అన్నాడు.

ఆ గది కట్టిన ఏడాది బడులు తెరిచే ముందు అమ్మకి నలభై జతల యూనిఫారాలు ఒక్కసారే వచ్చిపడ్డాయి. సాయంత్రానికి మిషను తిరగాలని తమ్ముడి వెంట పడింది. మిగతా తీగలన్నీ లాగాక ఆకుపచ్చ తీగ చుట్ట అయిపోయింది. రేపొచ్చి వేస్తానని సాకెట్ బిగించేసి వెళ్ళాడు. మర్నాడు ఇంకెక్కడో గుంట, ఆ మర్నాడు మరోటి. సాకెట్ పనిచేస్తూనే ఉంది కాబట్టి ఎవరికీ గుర్తురాలేదు, ఆయనకి కూడా. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మా మామయ్య రచ్చ గెలిచి ఇంటి సంగతి మరిచిపోయాడు.

సంచీలో ఆకుపచ్చ తీగ చుట్ట ఉంది. అమ్మ ఇంకో పావుగంట దాకా ఇటు రాదు. ఏదో రిపేరని చెప్పి ఆ సాయంత్రంలోగా తీగ లాగేస్తే, ఆయన పరువుకి ఢోకా లేదు. కానీ అప్పుడు దుప్పటి మీద అమ్మ నమ్మకం చెక్కుచెదరదు, స్ట్రిప్‌లో పద్నాలుగు మాత్రలు అలాగే ఉంటాయి. ఇదంతా ఆయన తలలో తిరుగుతోందని నాకు తెలుస్తూనే ఉంది. మా అమ్మకి ఈ లోకంలో ఒకే ఒక్క గర్వం ఉంది, అది తమ్ముడి పనితనం. అది పోతే అమ్మ ఏమవుతుందోనని ఒక పక్క, మాత్ర వేసుకోకపోతే ఏమవుతుందోనని ఒక పక్క. మింగలేక కక్కలేక నిలబడ్డాను.

"అక్కా, ఒకసారి ఇలా రా" అని మామయ్యే కేకేశాడు.

అమ్మ మెడలో టేపుతోనే వచ్చింది. "ఏంటలా గోడ పీకి కూర్చున్నావు?"

"ఈ సాకెట్లో ఎర్త్ లేదు."

"అదేంటి, మొన్నటిదాకా ఉందిగా?"

"ఎప్పుడూ లేదు. నేను వెయ్యలేదు. ఆ రోజు తీగ అయిపోయింది, రేపొచ్చి వేస్తానన్నాను."

అమ్మ వంగి ఆ ఖాళీ మరని చూసింది. "నేనే తొందరపెట్టాను కదరా. లైటు వెలిగితే చాలు, కుట్టుకుంటానన్నాను."

"నువ్వు అన్నావు. మేస్త్రిని నేను."

అమ్మ ఇస్త్రీ బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడింది. "ఇస్త్రీ పెట్టె జిల్లుమంటోందని ఒకసారి నీకు చెప్పాను" అంది నెమ్మదిగా. "రబ్బరు చెప్పులేసుకుని చెయ్యమన్నావు."

"అవునక్కా."

"ఇప్పటికీ అలాగే చేస్తున్నా."

మామయ్య తల వంచుకున్నాడు. ఆ బల్ల పక్కన కూర్చునే నేను బడి పాఠాలన్నీ చదువుకున్నాను. ఎన్ని వర్షాకాలాలు, ఎన్ని తడి కాళ్ళు!

"ఇంకెన్ని ఇళ్ళల్లో ఇలా ఉందిరా?"

"తెలీదు. అప్పట్లో చేసినవన్నీ వెళ్ళి చూడాలి."

అప్పుడు అమ్మ చూపు మంచం మీదికి మళ్ళింది. "అయితే ఇన్నాళ్ళూ ఈ దుప్పటి?"

"దేనికీ కలిపి లేదు. ఆ పిన్ను గోడకున్న మేకుకి తగిలించినా ఒకటే."

"మీటరు సున్నా చూపించిందిగా! నీ కళ్ళతో నువ్వూ చూశావు."

"చూశాను, నమ్మాను కూడా. మీటరు ఒక కొస డబ్బాలో ఉంది. దుప్పటి తీగా అదే డబ్బాలో ఉంది. నువ్వు దుప్పటి మీద చెయ్యి పెట్టగానే మీటరు రెండు కొసలూ ఒకే చోట కలిసిపోయాయి. ఇంక తేడా ఏం చూపిస్తుంది? కలిపిన రెండు బిందెలు నేలమీదున్నా మేడమీదున్నా వాటి మట్టం ఒకటే. కింద భూమి ఉందో లేదో ఆ మీటరుకి తెలీదు. నాకు తెలియాలి. సాకెట్ చూడమన్నావు, నేనే చూడలేదు."

"మరి నాకు నిద్రెలా పట్టిందిరా?" ఆ గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

మామయ్య నా వైపు చూశాడు. నాకూ ఖాయంగా తెలియదు, ఆ మాటే చెప్పాను. పదింటికి పడుకోవడం, ఫోను బయట పెట్టడం, సాయంత్రం టీ మానేయడం, వీటిలో ఏదైనా కావచ్చు. పడుతుందన్న నమ్మకమే కావచ్చు. దానంతటదే కుదురుకునే సమయమూ అయ్యుండొచ్చు. ఒక్క మనిషిని చూసి ఏ మందు సంగతీ తేల్చలేం. "భూమి నుంచి మాత్రం రాలేదక్కా," అన్నాడు మామయ్య. "ఆ నిద్ర నీదే."

అమ్మ ముందుగదిలోకి వెళ్ళి, ఆ పిల్లనీ తల్లినీ రేపు రమ్మని పంపేసి వచ్చింది. "ముందు ఆ తీగ వెయ్యి" అంది. సాయంత్రం దాకా పట్టింది. మామయ్య గొట్టంలో తీగ తోస్తుంటే అమ్మ చుట్ట పట్టుకుని కొంచెం కొంచెంగా వదిలింది. ఆఖరున సాకెట్ బిగించి, మెయిను వేసి, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య టెస్టు దీపం పెడితే బల్బు నిండుగా వెలిగింది. అమ్మ మంచం మీద దుప్పటి తీసి మడతపెట్టింది.

"ఒరే తమ్ముడూ, నోరు మూసుకుని ఇదే తీగ వేసేసి వెళ్ళుంటే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు."

"ఊళ్ళో ఎవరికైనా తెలిసేదా?"

"లేదు."

"మరెందుకు చెప్పావు?"

మామయ్య మరలు ఏరి సంచీలో వేసుకుంటూ, తలెత్తకుండా అన్నాడు. "దుప్పటి మీద నీ నమ్మకం పోవాలంటే ముందు నా మీద పోవాలక్కా. ఇంకో దారి కనపళ్ళేదు."

అమ్మ మడతపెట్టిన దుప్పటిని ఇస్త్రీ బల్ల కిందికి తోసింది. తర్వాత నా వైపు చెయ్యి చాచి, "ఇటివ్వవే ఆ మాత్ర" అంది. నేను స్ట్రిప్ నొక్కి ఒకటి అరచేతిలో వేశాను. మామయ్య లేచి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి, అమ్మ మింగేదాకా పక్కనే నిలబడ్డాడు.